ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్‌కు ముందు బూట్‌లోడర్ ఫైల్ సిస్టమ్ డ్రైవర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలో ప్రధానంగా డెబియన్, ఉబుంటు అనే లైనక్స్ పంపిణీలు నడిచే యంత్రాల్లోని గ్రబ్ బూట్‌లోడర్ గురించి, అంటే యంత్రం ఆన్ కాగానే ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపే చిన్న ప్రోగ్రాము గురించి రాశాను. డిస్క్ మీది ఫైళ్ల అమరికను ఫైల్ సిస్టమ్ అంటారు, దాన్ని చదవడం తెలిసిన కోడే దాని డ్రైవర్. ఫ్రీబీఎస్‌డీ (యూనిక్స్ తరహా మరో ఆపరేటింగ్ సిస్టమ్), మ్యాక్ యంత్రాల్లో పద్ధతి వేరుగా ఉన్న చోట ఆ సంగతి విడిగా చెప్పాను. కమాండ్ల పేర్లను తెలుగు లిపిలో ఇచ్చినప్పటికీ టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి.

లైనక్స్ కెర్నెల్‌లోనే ఫైల్ సిస్టమ్ డ్రైవర్లు ఉన్నాయి కదా, బూట్‌లోడర్‌కు మళ్లీ వేరే డ్రైవర్ ఎందుకు?

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ కూడా డిస్క్ మీద ఉన్న ఒక ఫైలే. దాన్ని మెమరీలోకి తెచ్చేవరకు అందులోని డ్రైవర్లు ఎవరికీ పనికిరావు. తాళంచెవిని గదిలో పెట్టి తలుపు వేసుకున్నట్టే ఉంటుంది పరిస్థితి. అందుకని గ్రబ్ తన సొంత డ్రైవర్లను తానే మోసుకొని వస్తుంది. ఇవి కెర్నెల్ డ్రైవర్లకు నకళ్లు కావు. విడిగా రాసిన చిన్న ప్రోగ్రాములు, చదవడం వరకే తెలిసినవి. ఉదాహరణకు లైనక్స్‌లో వాడే ఈఎక్స్‌టీ2, ఈఎక్స్‌టీ3, ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్‌లు మూడింటినీ గ్రబ్‌లో ఈఎక్స్‌టీ2 అనే ఒకే మాడ్యూల్ (అవసరాన్ని బట్టి జోడించుకునే ముక్క) చదువుతుంది. రెండు చోట్లా రాసేవారు వేరు, విడుదలయ్యే తేదీలు వేరు కాబట్టి, కెర్నెల్ ఒక కొత్త సదుపాయాన్ని ఈరోజు నేర్చుకుంటే గ్రబ్ దాన్ని నేర్చుకొని మన డిస్క్ మీదకు చేరేసరికి ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఈ పేజీలోని చిక్కులన్నీ ఆ ఎడం నుంచి పుట్టినవే.

ఆ డ్రైవర్ అసలు ఎక్కడ ఉంటుంది?

బయోస్ (మదర్‌బోర్డ్‌లో ఉండే పాతతరం ఫర్మ్‌వేర్) పద్ధతిలో బూట్ అయ్యే యంత్రమైతే గ్రబ్ రెండు ముక్కలుగా ఉంటుంది. మొదటి ముక్క కోర్ ఇమేజ్. అది డిస్క్ మొదటి సెక్టార్‌కూ మొదటి పార్టిషన్‌కూ మధ్య ఖాళీ జాగాలో, జీపీటీ అనే కొత్తతరం పార్టిషన్ టేబుల్ ఉన్న డిస్క్ అయితే బయోస్ బూట్ అనే చిన్న పార్టిషన్‌లో, ఏ ఫైల్ సిస్టమ్‌కూ చెందకుండా కూర్చుంటుంది. బూట్ డైరెక్టరీని చదవడానికి ఏ ఫైల్ సిస్టమ్ డ్రైవర్ కావాలో దాన్ని గ్రబ్-ఇన్‌స్టాల్ కమాండ్ ఈ ఇమేజ్‌లో కూర్చి పెడుతుంది. రెండో ముక్క బూట్ డైరెక్టరీలోని గ్రబ్ ఫోల్డర్‌లో ఉన్న మాడ్యూళ్ల గుంపు.

యూఈఎఫ్ఐ అనే కొత్తతరం ఫర్మ్‌వేర్ ఉన్న యంత్రాల్లో ఆ ఫర్మ్‌వేర్‌కు ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ తప్పకుండా తెలిసి ఉండాలని ప్రమాణం చెబుతుంది కాబట్టి, గ్రబ్ ఫైలు ఫ్యాట్‌తో ఫార్మాట్ అయిన ఈఎస్‌పీ అనే బూట్ ఫైళ్ల పార్టిషన్‌లో ఉంటుంది. సంతకం లేని బూట్ ఫైళ్లను అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే బయటి మాడ్యూళ్లను గ్రబ్ మామూలుగా లోడ్ చేసుకోదు. సంతకం చేసిన ఆ ఒక్క ఫైలులో ఏ డ్రైవర్లను కూర్చి ఇచ్చారో అవే మనకు దిక్కు.

గ్రబ్ ప్యాకేజీ అప్‌డేట్ అయితే డ్రైవర్ కూడా అప్‌డేట్ అయినట్టే కదా?

కాదు. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే కనుక కొంచెం వివరంగా చెబుతాను.

ప్యాకేజీ అప్‌డేట్ కొత్త గ్రబ్‌ను సిస్టమ్‌లోని యూఎస్ఆర్ డైరెక్టరీలోకి తెస్తుంది. అక్కడి నుంచి దాన్ని డిస్క్ మొదట్లోని జాగాకు చేర్చేది గ్రబ్-ఇన్‌స్టాల్. డెబియన్, ఉబుంటుల్లో ప్యాకేజీ తనంతట తానే గ్రబ్-ఇన్‌స్టాల్‌ను నడుపుతుంది గానీ, ఏ డిస్క్ మీద నడపాలో మొదట ఇన్‌స్టాల్ చేసిన రోజున రాసిపెట్టుకున్న జవాబును బట్టి నడుపుతుంది. ఆ తర్వాత మీరు డిస్క్ మార్చి ఉన్నా, పాత డిస్క్‌ను కొత్త ఎస్ఎస్‌డీకి క్లోన్ చేసి ఉన్నా, ఆ జవాబు లేని డిస్క్‌ను చూపిస్తూనే ఉంటుంది.

2020 జులై 29న బూట్‌హోల్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు అందరికీ ఒకేసారి గ్రబ్ అప్‌డేట్ వచ్చింది. జవాబు తప్పుగా ఉన్న యంత్రాల్లో బూట్ డైరెక్టరీలోని మాడ్యూళ్లు కొత్తవయ్యాయి, డిస్క్ మొదట్లోని కోర్ ఇమేజ్ మాత్రం పాతదే మిగిలింది. కొత్త మాడ్యూళ్లు గ్రబ్_కాలక్ అనే ఫంక్షన్‌ను అడిగాయి, పాత కోర్‌లో అది లేదు. నా డెస్క్‌టాప్ కూడా వాటిలో ఒకటి. అంతకు ఏడాది ముందు హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టినవాణ్ణి, పాత హార్డ్ డిస్క్ గుర్తింపు సంఖ్య ఇంకా ప్యాకేజీ జ్ఞాపకంలో ఉందని తెలియనివాణ్ణి. పొద్దున్నే రీబూట్ చేస్తే నల్లటి తెర మీద సింబల్ గ్రబ్_కాలక్ దొరకలేదన్న ఇంగ్లీషు లైను ఒకటి, దాని కింద గ్రబ్ రెస్క్యూ ప్రాంప్ట్, పక్కన మెరుస్తున్న కర్సర్, అంతే. టీ చల్లారిపోయింది గానీ యంత్రం లేవలేదు.

బయోస్ యంత్రమైతే అప్‌గ్రేడ్‌కు ముందు గ్రబ్-పీసీ ప్యాకేజీ మీద డీపీకేజీ-రీకాన్ఫిగర్ కమాండ్ ఒకసారి నడపండి. కొన్ని ప్రశ్నల తర్వాత డిస్కుల జాబితా వస్తుంది. నిజంగా బూట్ అయ్యే డిస్క్ పక్కన గుర్తు ఉందో లేదో చూసి, లేకపోతే స్పేస్ బార్‌తో పెట్టండి. పార్టిషన్‌ను కాకుండా మొత్తం డిస్క్‌నే ఎంచుకోవాలి. రెండు నిమిషాల పని.

అప్‌గ్రేడ్ చేస్తే నా ఫైల్ సిస్టమ్ రూపం దానంతట అదే మారిపోతుందా?

లైనక్స్‌లో సాధారణంగా మారదు. డెబియన్ 12 నుంచి 13కు వెళ్లినంత మాత్రాన ఐదేళ్ల కిందట ఫార్మాట్ చేసిన ఈఎక్స్‌టీ4 పార్టిషన్‌లో కొత్త ఫీచర్ ఏదీ ఆన్ కాదు. కొత్త ఫీచర్లు రెండు దారుల్లో వస్తాయి: పార్టిషన్‌ను కొత్తగా ఫార్మాట్ చేసినప్పుడు, లేదా మనమే కమాండ్ ఇచ్చి ఆన్ చేసినప్పుడు. అయితే అప్‌గ్రేడ్ రోజునే చాలామంది ఈ రెంటిలో ఒకటి చేస్తారు. పెద్ద డిస్క్ కొని కొత్తగా ఫార్మాట్ చేసి డేటా కాపీ చేసుకుంటారు. లేదా పాత సిస్టమ్‌ను అలాగే ఉంచి పక్క పార్టిషన్‌లో కొత్త విడుదలను ఇన్‌స్టాల్ చేసి, పాత సిస్టమ్ గ్రబ్‌తోనే దాన్ని లేపాలని చూస్తారు.

మ్యాక్ సంగతి వేరు. అక్కడ అప్‌గ్రేడే ఫైల్ సిస్టమ్‌ను మార్చేసిన సందర్భం ఉంది. అది కిందికి వస్తుంది.

ఒక్క కొత్త ఫీచర్ వల్ల మొత్తం పార్టిషన్ చదవడానికే రాకుండా ఎందుకు పోతుంది?

ఈఎక్స్‌టీ4 తన సూపర్‌బ్లాక్‌లో (పార్టిషన్ వివరాలు దాచుకునే చోట) ఫీచర్లను మూడు గంపల్లో వేసి ఉంచుతుంది. మొదటి గంపలోవి తెలియకపోయినా డ్రైవర్ చదవవచ్చు, రాయవచ్చు. రెండో గంపలోవి తెలియకపోతే చదవవచ్చు గానీ రాయకూడదు. మూడో గంపలో తెలియనిది ఒక్కటున్నా పార్టిషన్‌ను ముట్టుకోకూడదు. గ్రబ్ ఎటూ రాయదు కాబట్టి దానికి అడ్డం వచ్చేది ఈ మూడో గంప ఒక్కటే. అందులో తెలియని బిట్ కనిపించిన మరుక్షణం, అది ఎంత చిన్నదైనా సరే, గ్రబ్ ఆ పార్టిషన్‌ను తెలియని ఫైల్ సిస్టమ్ అని ప్రకటించి చేతులెత్తేస్తుంది.

దీనికి మంచి ఉదాహరణ మెటాడేటా-సీసమ్-సీడ్ అనే ఫీచర్. 2023 ఫిబ్రవరిలో వచ్చిన ఈఎక్స్‌టీ4 పనిముట్ల ప్యాకేజీ ఈ2ఎఫ్ఎస్‌ప్రోగ్స్ 1.47.0, కొత్తగా ఫార్మాట్ చేసే ఈఎక్స్‌టీ4 పార్టిషన్లలో దీన్ని అడగకుండానే ఆన్ చేయడం మొదలుపెట్టింది. దీని పని చెక్‌సమ్ లెక్కకు కావలసిన విత్తు సంఖ్యను సూపర్‌బ్లాక్‌లో దాచుకోవడం మాత్రమే. ఫైళ్లను చదవడానికి గ్రబ్‌కు ఆ సంఖ్యతో అవసరమే లేదు. అయినా బిట్ మూడో గంపలో ఉంది, గ్రబ్ 2.06 మూల విడుదలకు ఆ బిట్ తెలియదు, కనుక పార్టిషన్ కనబడదు. దాన్ని పట్టించుకోకుండా చదివే మార్పు గ్రబ్ 2.12 నాటికి వచ్చింది. కొన్ని పంపిణీలు తమ 2.06లోకి ఆ ప్యాచ్‌ను ముందే తెచ్చుకున్నాయి. అందువల్ల వెర్షన్ సంఖ్య ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి.

అయితే ఏది ముందు, ఏది తర్వాత?

కొత్త గ్రబ్ పాత ఫైల్ సిస్టమ్‌ను చదువుతుంది. పాత గ్రబ్ కొత్త ఫీచర్లున్న ఫైల్ సిస్టమ్‌ను చదవలేదు. వరుస మొత్తం దీని మీదే నిలబడి ఉంది. లైనక్స్ విడుదల అప్‌గ్రేడ్‌లో కొత్త గ్రబ్ ఆ అప్‌గ్రేడ్‌తో పాటే వస్తుంది కాబట్టి, ముందుగానే దాన్ని విడిగా తెచ్చిపెట్టాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. ముందుగా చేయవలసిందల్లా అది సరైన డిస్క్ మీదకే వెళ్లేలా చూడడం. అప్‌గ్రేడ్ ముగిశాక ఒకసారి రీబూట్ చేసి, గ్రబ్ మెనూ నుంచి లాగిన్ వరకు సజావుగా వచ్చిందని కళ్లారా చూసిన తర్వాతే ట్యూన్2ఎఫ్ఎస్ వంటి కమాండ్లతో కొత్త ఫీచర్ల జోలికి వెళ్లాలి. రెండు పనులూ ఒకే రీబూట్‌లో కానిచ్చేద్దామనుకుంటే, యంత్రం లేవనప్పుడు తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టడానికి ఆదివారం అంతా పోతుంది.

నా డిస్క్ మీద ఇప్పుడున్న గ్రబ్ ఏ వెర్షన్‌ది?

గ్రబ్-ఇన్‌స్టాల్‌ను వెర్షన్ అడిగితే అది ప్యాకేజీ వెర్షన్ చెబుతుంది, డిస్క్ మీద ఉన్నది కాదు. బూట్ అయ్యేటప్పుడు మెనూ పైభాగంలో కనిపించే సంఖ్య ఇంతకంటే నమ్మదగినది. బయోస్ యంత్రమైతే బూట్ డైరెక్టరీలోని గ్రబ్ ఫోల్డర్‌లో ఐ386-పీసీ అనే ఫోల్డర్ తెరిచి, కోర్ ఇమేజ్ ఫైలు తేదీ చూడండి. గ్రబ్-ఇన్‌స్టాల్ చివరిసారి ఎప్పుడు నడిచిందో అది చెబుతుంది. ఏ డిస్క్ మీద నడిచిందో మాత్రం చెప్పదు సుమా. ఆ ఫైలు తేదీ మూడేళ్ల కిందటిదై, ప్యాకేజీ తేదీ పోయిన నెలదైతే అనుమానించాల్సిందే.

రీబూట్ చేయకుండానే కొత్త గ్రబ్ నా పార్టిషన్‌ను చదవగలదో లేదో పరీక్షించవచ్చా?

పరీక్షించవచ్చు, ఎందుకో ఈ సంగతి చాలామందికి తెలియదు. గ్రబ్-ఎఫ్ఎస్‌టెస్ట్ అనే కమాండ్ గ్రబ్ డ్రైవర్ కోడ్‌నే మామూలు ప్రోగ్రాములా నడుపుతుంది. దానికి రూట్ హక్కులతో పార్టిషన్ పేరు ఇచ్చి, ఎల్ఎస్ అని అడిగి, చూడవలసిన చోటుగా లూప్0 అనే పరికరం పేరును బ్రాకెట్లలో రాసి పక్కన స్లాష్ పెడితే, గ్రబ్ కంటికి ఆ పార్టిషన్‌లో ఏమేం కనిపిస్తాయో జాబితా వస్తుంది. బ్రాకెట్లను షెల్ వేరే అర్థంలో తీసుకోకుండా వాటి చుట్టూ కోట్లు పెట్టండి. జాబితా వస్తే డ్రైవర్ సరిపోతుంది. తెలియని ఫైల్ సిస్టమ్ అని వస్తే అక్కడే ఆగిపోండి. ఇది పరీక్షించేది ప్యాకేజీలోని డ్రైవర్‌ను కాబట్టి, కొత్త ప్యాకేజీ వచ్చాక, రీబూట్‌కు ముందు నడపడం ఉపయోగం.

పార్టిషన్‌లో ఏ ఫీచర్లు ఆన్‌లో ఉన్నాయో చూడడానికి ఈఎక్స్‌టీ4కు డంప్ఈ2ఎఫ్ఎస్, ఎక్స్ఎఫ్ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్‌కు ఎక్స్ఎఫ్ఎస్_ఇన్ఫో చాలు. అనవసరంగా ఆన్ అయిన మెటాడేటా-సీసమ్-సీడ్‌ను ట్యూన్2ఎఫ్ఎస్‌తో తీసేయవచ్చు కూడా.

ఎక్స్ఎఫ్ఎస్, బీటీఆర్ఎఫ్ఎస్, ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కుల మాటేమిటి?

ఎక్స్ఎఫ్ఎస్‌లో పెద్ద ఎక్స్‌టెంట్ కౌంటర్లు అనే ఫీచర్ ఎక్స్ఎఫ్ఎస్‌ప్రోగ్స్ 6.5 నుంచి కొత్త ఫార్మాట్లలో అడగకుండానే ఆన్ అవుతోంది; దాన్ని చదవడానికి గ్రబ్ 2.12 కావాలి. బీటీఆర్ఎఫ్ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్‌లో బూట్ డైరెక్టరీని జెడ్‌స్టాండర్డ్ పద్ధతిలో కంప్రెస్ చేస్తే గ్రబ్ 2.04గానీ ఆ తర్వాతిదిగానీ ఉండాలి. ఎన్‌క్రిప్షన్ విషయంలో, ఎల్‌యూకేఎస్2 అనే లైనక్స్ డిస్క్ ఎన్‌క్రిప్షన్ పద్ధతిని గ్రబ్ 2.06 నుంచి తెరవగలుగుతోంది గానీ, తాళాన్ని పీబీకేడీఎఫ్2 పద్ధతిలో పెట్టినప్పుడే. ఎన్‌క్రిప్షన్ కమాండ్ క్రిప్ట్‌సెటప్ మామూలుగా పెట్టే ఆర్గాన్2 తాళాన్ని మూల గ్రబ్ 2.12 కూడా తెరవలేదు. బూట్ డైరెక్టరీ కూడా ఎన్‌క్రిప్ట్ అయి ఉన్న యంత్రంలో ఎల్‌యూకేఎస్1ను ఎల్‌యూకేఎస్2కు మార్చే ముందు దీన్ని రెండుసార్లు ఆలోచించుకోండి.

జెడ్ఎఫ్ఎస్ పూల్‌ను అప్‌గ్రేడ్ చేయమని స్టేటస్‌లో సందేశం కనిపిస్తోంది. చేసేయవచ్చా?

జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో డిస్కుల గుంపును పూల్ అంటారు. బూట్ అయ్యే పూల్ అయితే చేయకండి. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ అయిన తర్వాత జెడ్‌పూల్ స్టేటస్ కమాండ్ ఇస్తే, ఈ పూల్‌లో కొన్ని ఫీచర్లు ఆన్ కాలేదు, జెడ్‌పూల్ అప్‌గ్రేడ్‌తో ఆన్ చేయవచ్చు అని ఒక సందేశం వస్తుంది. అది హెచ్చరిక కాదు, ఏదో చెడిపోయిందన్న సూచన అంతకంటే కాదు. కానీ అలా కనిపిస్తుంది. శుభ్రంగా ఉండాలనే మంచి ఉద్దేశంతో దాన్ని పోగొట్టడానికి కమాండ్ ఇచ్చినవారే ఎక్కువగా దెబ్బతింటారు. గ్రబ్‌కు తెలిసిన జెడ్ఎఫ్ఎస్ ఫీచర్లు కొన్నే. అందుకే ఉబుంటు ఇన్‌స్టాలర్ బూట్ కోసం బీపూల్ అనే చిన్న పూల్‌ను, మిగతా అంతటికీ ఆర్‌పూల్ అనే పెద్ద పూల్‌ను విడదీసింది. ఆర్‌పూల్‌ను అప్‌గ్రేడ్ చేసినా యంత్రం లేస్తుంది, బీపూల్‌ను చేస్తే లేవకపోవచ్చు. ఒకసారి చేసిన పూల్ అప్‌గ్రేడ్‌ను వెనక్కి తీసుకోవడానికి కమాండ్ లేదు. పూల్‌ను చెరిపి మళ్లీ సృష్టించుకోవాల్సిందే. ఓపెన్‌జెడ్ఎఫ్ఎస్ 2.1 నుంచి పూల్‌కు కంపాటిబిలిటీ అనే గుణం పెట్టి దాని విలువగా గ్రబ్2 అని ఇస్తే, పొరపాటున అప్‌గ్రేడ్ కమాండ్ ఇచ్చినా గ్రబ్‌కు తెలియని ఫీచర్లు ఆన్ కావు. బూట్ పూల్ ఉన్నవారందరూ ఈ గుణం పెట్టుకోవాలని నా అభిప్రాయం.

ఫ్రీబీఎస్‌డీలో కూడా ఇంతేనా?

అక్కడ బూట్‌లోడర్ ఫ్రీబీఎస్‌డీ సొంతది కాబట్టి అది జెడ్ఎఫ్ఎస్‌ను చక్కగా చదువుతుంది. కానీ ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ కమాండ్ బూట్ కోడ్‌ను తన చేత్తో డిస్క్ మీద మార్చదు, ఆ పని మనదే. 2021 ఏప్రిల్‌లో వచ్చిన 13.0 విడుదల పాత జెడ్ఎఫ్ఎస్ కోడ్ స్థానంలో ఓపెన్‌జెడ్ఎఫ్ఎస్‌ను తెచ్చినప్పుడు, పూల్‌ను అప్‌గ్రేడ్ చేసి బూట్ కోడ్‌ను మరిచిపోయినవారికి ఈ సంగతి తెలిసొచ్చింది. బయోస్ యంత్రమైతే జీపార్ట్ బూట్‌కోడ్ కమాండ్‌తో కొత్త జీపీటీజెడ్ఎఫ్ఎస్‌బూట్‌ను ఫ్రీబీఎస్‌డీ-బూట్ పార్టిషన్‌లోకి రాయాలి. అక్కడ పార్టిషన్ సంఖ్య తప్పు ఇస్తే వేరే పార్టిషన్ మీద రాసేస్తుంది కాబట్టి, ముందు జీపార్ట్ షో చూసి ఆ సంఖ్యను కాగితం మీద రాసుకోండి. యూఈఎఫ్ఐ యంత్రమైతే కొత్త లోడర్ ఫైలును ఈఎస్‌పీలోకి కాపీ చేయాలి. ఆ తర్వాత రీబూట్, అది కుదిరాకే పూల్ అప్‌గ్రేడ్.

మ్యాక్‌లో అప్‌గ్రేడే ఫైల్ సిస్టమ్‌ను మార్చిందన్నారు, ఎలా?

2017 సెప్టెంబరు 25న వచ్చిన మ్యాక్ఓఎస్ హై సియెరా, ఎస్ఎస్‌డీ ఉన్న యంత్రాల్లో హెచ్ఎఫ్ఎస్ ప్లస్ అనే పాత ఫైల్ సిస్టమ్‌ను అడగకుండానే ఏపీఎఫ్ఎస్ అనే కొత్తదానిగా మార్చేసింది. హార్డ్ డిస్క్, ఫ్యూజన్ డ్రైవ్ (ఎస్ఎస్‌డీ, హార్డ్ డిస్క్ కలిపినది) ఉన్న యంత్రాల వంతు మరుసటి ఏడాది మొహావీతో వచ్చింది. యాపిల్ యంత్రాల్లో ఆ ఇన్‌స్టాలర్‌తో పాటే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కూడా వచ్చి, ఏపీఎఫ్ఎస్‌ను చదవడం ఫర్మ్‌వేర్‌కు ముందే నేర్పింది. మామూలు పీసీల్లో క్లోవర్ బూట్‌లోడర్‌తో మ్యాక్ఓఎస్ నడుపుకునేవారికి ఆ సాయం లేదు. పైగా అలా పీసీల్లో నడపడాన్ని యాపిల్ లైసెన్సు ఒప్పుకోదు. అప్‌గ్రేడ్‌కు ముందే ఏపీఎఫ్ఎస్ డ్రైవర్ ఫైలును క్లోవర్ డ్రైవర్ల ఫోల్డర్‌లో పెట్టనివారికి, మార్పిడి అయిపోయాక బూట్ మెనూలో డిస్కే కనబడలేదు. డ్రైవర్ ముందు, అప్‌గ్రేడ్ తర్వాత అనే వరుసకు ఇంతకంటే కచ్చితమైన ఉదాహరణ నాకు తట్టదు. తర్వాత వచ్చిన ఓపెన్‌కోర్ బూట్‌లోడర్, ఏపీఎఫ్ఎస్ కంటెయినర్‌లోనే పొదిగి ఉన్న డ్రైవర్‌ను తీసుకొని వాడుకుంటుంది కాబట్టి ఆ ఫైలు కాపీ చేసే బాధ పోయింది.

సిస్టమ్‌డీ-బూట్ లేదా రీఫైండ్ వాడుతున్నాను. నాకు ఈ గొడవ ఉందా?

ఇవి రెండూ యూఈఎఫ్ఐ యంత్రాల్లో గ్రబ్‌కు బదులు వాడేవి. సిస్టమ్‌డీ-బూట్‌కు సొంత ఫైల్ సిస్టమ్ డ్రైవర్లు లేవు. కెర్నెల్‌ను ఫ్యాట్ పార్టిషన్‌లోనే ఉంచుకుంటే మీకు ఈ గొడవ లేదు. రీఫైండ్ మాత్రం తన ఫోల్డర్ లోపల డ్రైవర్ల ఫోల్డర్ పెట్టుకొని అందులోంచి ఈఎక్స్‌టీ4, బీటీఆర్ఎఫ్ఎస్ డ్రైవర్లను లోడ్ చేసుకుంటుంది. రీఫైండ్‌ను చేత్తో కాపీ చేసి పెట్టుకున్నవారు అప్‌గ్రేడ్‌కు ముందు ఆ ఫోల్డర్‌ను కూడా కొత్తదానితో మార్చుకోవాలి.

రెయిడ్ 1లో రెండు డిస్కులున్నాయి. ఒకదాని మీద గ్రబ్ పెడితే చాలదా?

చాలదు. రెయిడ్ 1 అనేది పార్టిషన్లలోని డేటాను రెండు డిస్కుల మీదా ఉంచుతుంది గానీ, పార్టిషన్ల బయట ఉన్న కోర్ ఇమేజ్‌ను కాదు. రెండో డిస్క్ మీద ఆరేళ్ల నాటి గ్రబ్ నిద్రపోతూ ఉంటుంది. మొదటి డిస్క్ పోయిన రోజున, అంటే అసలే కంగారులో ఉన్న రోజున, అది నిద్ర లేచి కొత్త మాడ్యూళ్లను చూసి అర్థం కాక ఆగిపోతుంది. గ్రబ్-ఇన్‌స్టాల్‌ను రెండు డిస్కుల మీదా విడివిడిగా నడపండి.

కోర్ ఇమేజ్ పట్టడం లేదని గ్రబ్-ఇన్‌స్టాల్ మొరాయిస్తోంది.

పాతకాలపు పార్టిషన్ టేబుల్‌లో మొదటి పార్టిషన్ 63వ సెక్టార్ దగ్గర మొదలయ్యేది. ముందున్న ఖాళీ 62 సెక్టార్లు, అంటే 31,744 బైట్లు. రెయిడ్, ఎల్‌వీఎం (డిస్కుల జాగాను కలిపి పంచే పద్ధతి), బీటీఆర్ఎఫ్ఎస్ డ్రైవర్లు కూడితే కొత్త కోర్ ఇమేజ్ అందులో ఇమడదు. బలవంతపు ఆప్షన్లతో నెట్టకండి. మొదటి పార్టిషన్‌ను 2048వ సెక్టార్‌కు జరపడం, లేదా డేటా బ్యాకప్ తీసి డిస్క్‌ను కొత్తగా విభజించడం మేలు.

ఇప్పటికే గ్రబ్ రెస్క్యూ ప్రాంప్ట్ దగ్గర ఉన్నాను. ఏం చేయాలి?

ముందు ఎల్ఎస్ అని కొట్టండి. డిస్కులు, పార్టిషన్లు హెచ్‌డీ0 వంటి పేర్లతో వస్తాయి. ఒక్కో పార్టిషన్ పేరునూ ఎల్ఎస్ పక్కన ఇచ్చి చూడండి. ఏదో ఒకదానిలో బూట్ డైరెక్టరీ కనిపిస్తే డ్రైవర్ బాగానే ఉంది, దారి మాత్రమే తప్పింది. ప్రిఫిక్స్‌ను ఆ గ్రబ్ ఫోల్డర్‌కు సెట్ చేసి, నార్మల్ మాడ్యూల్‌ను లోడ్ చేసి, నార్మల్ అని కొడితే మెనూ వస్తుంది. అన్నిటికీ తెలియని ఫైల్ సిస్టమ్ అనే జవాబు వస్తే డ్రైవరే పాతది. మాడ్యూల్ లోడ్ చేయబోతే సింబల్ దొరకలేదని వస్తే కోర్, మాడ్యూళ్లు పొసగడం లేదు. ఈ చివరి రెండు సందర్భాల్లో ప్రాంప్ట్ దగ్గర ఎంతసేపు కూర్చున్నా ప్రయోజనం లేదు.

లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే లైనక్స్‌ను నడిపే యూఎస్‌బీ డ్రైవ్‌తో) బూట్ చేయండి. అది మీ ఫైల్ సిస్టమ్‌ను చదవగలిగేంత కొత్తదై ఉండాలి. రూట్ పార్టిషన్‌ను, బూట్ వేరుగా ఉంటే దాన్ని, యూఈఎఫ్ఐ అయితే ఈఎస్‌పీని కూడా వాటి వాటి స్థానాల్లో మౌంట్ చేసి, డెవ్, ప్రాక్, సిస్ డైరెక్టరీలను బైండ్ చేసి, సీహెచ్‌రూట్ కమాండ్‌తో ఆ సిస్టమ్ లోపలికి వెళ్లి గ్రబ్-ఇన్‌స్టాల్, ఆ తర్వాత అప్‌డేట్-గ్రబ్ నడపండి. బూట్ వేరు పార్టిషన్ అని మరిచిపోయి మౌంట్ చేయకపోతే, గ్రబ్ రూట్‌లోని ఖాళీ బూట్ ఫోల్డర్‌లో చక్కగా ఇన్‌స్టాల్ అవుతుంది, తప్పేమీ చూపదు, రీబూట్ చేస్తే మళ్లీ నల్లతెరే. నేను 2020లో మొదటి ప్రయత్నంలో చేసిన పని సరిగ్గా ఇదే.

గ్రబ్-ఇన్‌స్టాల్ నడుస్తుండగా కరెంటు పోతే?

రాసే సమయం కొన్ని సెకన్లే గానీ, ఆ సెకన్లలో పోతే పాతదీ కొత్తదీ కాని కోర్ ఇమేజ్ మిగులుతుంది. డేటాకు ఏమీ కాదు. లైవ్ యూఎస్‌బీతో పైన చెప్పిన పద్ధతిలో మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. ఎండాకాలంలో మధ్యాహ్నం పూట యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద ఈ పని పెట్టుకోకండి, ఆ యూఎస్‌బీని మాత్రం అప్‌గ్రేడ్ మొదలుపెట్టకముందే తయారు చేసి, దానితో ఒకసారి బూట్ చేసి చూసి పక్కన పెట్టుకోండి.